మూతలున్న పన్నెండు బకెట్లు

రెజిమెంటల్ బజార్‌లో మా దుకాణం. తాళ్ళు, టార్పాలిన్లు, నవారు అమ్ముతాం. బడి వదిలాక గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటూ పెరిగినవాణ్ణి. ధర వినగానే నవ్వడం, తగ్గకపోతే లేచి నడవడం, నడిచిన రోజు చచ్చినా వెనక్కి తిరగకపోవడం నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మా నాన్న చేస్తుంటే చూసి పట్టుకున్నాను. ఎదుటివాడు చెప్పే కష్టాన్ని ఎలా వినాలో కూడా అట్లాగే పట్టుబడింది. "ఇంట్ల పెద్దమనిషికి పాణం బాగలేదు సేట్, జెర చూసి ఇయ్యి" అని గిరాకీ అంటే మా నాన్న "అయ్యో" అనేవాడు. చేతులు మాత్రం తాడు కొలుస్తూనే ఉండేవి. కష్టం చెప్పుకోవడం కొనేవాడి వంతు, అయ్యో అనడం అమ్మేవాడి వంతు. ఇద్దరి వంతులూ అయ్యాక అసలు మాట మొదలయ్యేది.

నేను చాలా బాగా చేసిన ఒక బేరం గురించి రాస్తున్నాను. దీన్ని సగం వరకు ఎంతోమందికి చెప్పాను. ఆ సగం వరకు నేను గొప్పవాణ్ణే.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. మా దుకాణానికి తాళ్ళ కోసం ఒక మాస్టారు వచ్చేవారు. కాకినాడ వైపు మనిషి, సికింద్రాబాద్‌లో క్రైస్తవ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక చిన్న రేకుల షెడ్డు పెట్టుకుని, పొద్దున్నే వచ్చేవాళ్ళకు పడవ నడపడం నేర్పేవారు. ఒక మనిషి, మహా అయితే ఇద్దరు కూర్చునే సన్నటి తెడ్డు పడవలు అవి, మొత్తం తొమ్మిది. కొన్ని ఫైబరువి, కొన్ని ఆయనే ప్లైవుడ్డుతో చేసుకున్నవి. తాడు ధర తగ్గిస్తాను, నాకు ఉచితంగా నేర్పండి అని బేరం పెట్టాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ముప్పై అయిదేళ్ళ వయసులో, ఈత సరిగ్గా రాకుండానే, పడవలవాణ్ణయ్యాను.

పడవలన్నీ షెడ్డు వెనక నేల మీదే బోర్లించి ఉండేవి. చెమ్మకు ప్లైవుడ్డు ఉబ్బేది. ఒకదాని అంచుకు చెదలు పట్టాయి. ఇంకోదాని కింద కుక్క ఈని, మూడు వారాలు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. వానలు మొదలయ్యేలోగా పడవల్ని నేల నుంచి లేపకపోతే కొన్ని పోతాయని మాస్టారి బెంగ. వెల్డింగువాణ్ణి అడిగితే ఇనప స్టాండ్లకు చెప్పిన లెక్క విని ఆయన మంచినీళ్ళు అడిగారు. పైగా ఆ జాగా సర్కారుది, గొయ్యి తవ్వడానికి వీల్లేదు. నిలబడాలి, బరువు మోయాలి, రేపు తీసేయమంటే తీసేసేటట్టుండాలి.

"డబ్బులూ లేవు, గొయ్యీ తవ్వకూడదు. గాల్లో వేలాడదీస్తావా ఏంటయ్యా?" అన్నారు మాస్టారు.

"నాకు వదిలెయ్యండి" అన్నాను.

ఆలోచన బజార్లోనే దొరికింది. రోడ్డు మీద బండ్లు పెట్టుకునేవాళ్ళ పెద్ద గొడుగులు దేంట్లో నిలబడతాయి? సిమెంటు పోసిన నూనె డబ్బాలో. అదే పని పెద్ద ఎత్తున చేస్తే సరి. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో నిట్టనిలువుగా ఒక ఇనప పైపు పెట్టి, చుట్టూ కంకర, ఇసుక, సిమెంటు కలిపి పోస్తే, గట్టిపడ్డాక దాన్ని ఒక్క మనిషి కదిలించడం కష్టం. అట్లాంటివి రెండు పక్కపక్కన పెట్టి, పైపుల మధ్య మూడు ఎత్తుల్లో అడ్డకడ్డీలు బిగిస్తే ఒక నిచ్చెనలాగా తయారవుతుంది. ఎదురుగా ఇంకో నిచ్చెన. రెండింటి మీదా అడ్డంగా ఒకదానిపైన ఒకటి మూడు పడవలు పడుకుంటాయి. మూడు పడవలకు నాలుగు బకెట్లు, తొమ్మిది పడవలకు పన్నెండు.

సరిగ్గా అప్పుడే సీతాఫల్‌మండిలో మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం. మూడంతస్తుల ఉమ్మడి ఇల్లు. ఎన్ని రంగు బకెట్లు ఖాళీ అవుతాయో లెక్క వేసుకున్నాను. పన్నెండు. నవ్వొచ్చింది.

ఒక చిక్కు ఉంది. ఇళ్ళకు రంగులు వేయించినవాళ్ళకు తెలుసు, ఖాళీ అయిన బకెట్లు మేస్త్రీవి. ఎక్కడా రాసి ఉండదు, కాని ఎవరూ కాదనరు. పని అయిన రోజు ఆయన వాటిని కడుక్కుని, ఒకదాంట్లో ఒకటి దూర్చి, సైకిలుకు కట్టుకుని పోతాడు. గట్టివి, మూతలు బిగువుగా పడతాయి, పదేళ్ళయినా పగలవు. మా మేస్త్రీ యాభై ఏళ్ళ మనిషి, రైలు పట్టాల అవతల బస్తీలో ఉంటాడు. మొదటి బకెట్టు మూత తెరిచిన రోజు నుంచే ఖాళీవాటిని కడిగి మా వరండాలో బోర్లించుకుంటున్నాడు.

పని సగంలో ఉండగా, అంటే వదిలేసి పోవడానికి ఆయనకు వీలుకాని సమయం చూసి, మాట కదిపాను.

"మేస్త్రీ, ఈసారి డబ్బలు నాకుంటయ్."

ఆయన నిచ్చెన మీద నుంచి దిగాడు. "డబ్బలా? మీకెందుకు సేట్?"

"పనుంది."

"గట్ల అనకు సేట్. నా బిడ్డ కాన్పుకొచ్చింది. మా దిక్కు ట్యాంకర్ దినం తప్పి దినమొస్తది. పట్టి పెట్టుకోనీకి ఇంట్ల ఏం లేవు. డబ్బలొస్తయని ఇంట్ల చెప్పిన."

నేను మా నాన్నలాగా "అయ్యో" అన్నాను. అని ఊరుకున్నా బాగుండేది. పక్కన మా బాబాయి, ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు. వినేవాళ్ళుంటే నా నోరు ఆగదు. "మా దుకాణానికొచ్చే గిరాకీల్ల సగం మంది బిడ్డలు ఏడాది పొడుగూత కాన్పుకే ఉంటరు మేస్త్రీ!" అన్నాను.

బాబాయి పగలబడి నవ్వాడు. పనివాళ్ళు నవ్వారు. కాసేపటికి మేస్త్రీ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి బేరం కుదిరిందనుకున్నాను. ఏమీ చేయలేనివాళ్ళు కూడా అట్లాగే నవ్వుతారని అప్పుడు తోచలేదు.

పని అయిపోయిన రోజు ఆయన బ్రష్షులు మాత్రం మూట కట్టుకుని పోయాడు. పన్నెండు బకెట్లు తళతళలాడేట్టు కడిగి ఉన్నాయి. వాటిని ట్రాలీ ఆటోలో వేసుకుని సాగర్ ఒడ్డుకు బయలుదేరినప్పుడు, ఊరేగింపుకు పోతున్నట్టుంది నాకు.

స్టాండ్లు కట్టడం నిజంగా సరదాగా ఉండింది. పాత పైపులు తుక్కు దుకాణంలో ఏరాను. ఒక్కో పైపు అడుగున అడ్డంగా ఒక బోల్టు బిగించాం, సిమెంటులో గిర్రున తిరగకుండా. పైపు నిటారుగా ఉందో లేదో మాస్టారు దారానికి రాయి కట్టి చూసేవారు, వెంట్రుకవాసి వంగినా ఒప్పుకునేవారు కాదు. "లెక్కల మాస్టార్ని బాబూ, తొంభై అంటే తొంభైయే" అనేవారు. అడ్డకడ్డీలకు పాత లారీ ట్యూబులు కోసి చుట్టాం, పడవలకు గీతలు పడకుండా. సిమెంటు గట్టిపడడానికి వారం రోజులు రెండు పూటలా తడపాలి. పక్కనే సాగరం ఉంది, మగ్గుతో ముంచి పోయడమే. పదో రోజు పడవలు ఎక్కించాం. చివరి పడవ ఎక్కాక మాస్టారు ఒక పైపును రెండు చేతులా పట్టుకుని ఊపి చూశారు. కదల్లేదు. వెల్డింగువాడు చెప్పినదాంట్లో అయిదో వంతు కూడా కాలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నీ బుర్ర బుర్ర కాదయ్యా" అన్నారు.

నేను అందరికీ చెప్పుకునే కథ ఇంతవరకే.

మరి రెండు వారాలకు పైపులు తుప్పు పట్టడం మొదలైంది. ఎర్ర రంగు పూయించాలి. తక్కువలో చేసేది ఎవరు? మా మేస్త్రీయే. ఫోను ఎత్తకపోతే, ఒక గురువారం పొద్దున ఆయన బస్తీకే పోయాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు. బకెట్ల సంగతి మరిచే పోయాను.

సందు మొదట్లోనే లైను కనిపించింది. మనుషులది కాదు, సామానుది. బకెట్లు, బిందెలు, నూనె డబ్బాలు, చివర ఒక ప్రెషర్ కుక్కర్. ట్యాంకర్ ఇంకా రాలేదు. ఎవరి సామాను వెనక వాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఏయ్, కుక్కర్ ఎవల్ది? ఈల కొట్టినప్పుడు జరుగుతదా ఏంది?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

"నాదే. ఉన్నదాంతోనే పట్టుకోవాలె గదా" అంది ఒకావిడ. మేస్త్రీ ఇల్లెక్కడని ఆమెనే అడిగాను. "ఆయన పనికి పోయిండు తమ్మీ. నేను ఆయన ఇంటిదాన్నే. రంగుల పనా? ఆగు, ట్యాంకర్ పోయినంక మాట్లాడ్త. జెర ఈ బింద పట్టు, ఎనకామె తోస్తున్నది."

పట్టుకున్నాను. రెండు బిందెలు, ఒక కుక్కరు. ఆ ఇంటి నీళ్ళన్నీ అంతే. ట్యాంకర్ కోసం చూస్తూ, నేనెవరో తెలియక, ఆమె నాకే చెప్పింది. "పెద్ద ఇల్లు పట్టిండు తమ్మీ, పన్నెండు డబ్బలొస్తయన్నడు. నేను పిచ్చిదాన్ని, ఉన్న పాత బకెట్లు పలిగినయని పాత సామానోనికేసి ఎల్లిగడ్డ తీస్కున్న. ఆఖరికి ఎవడో సేట్ అట, ఒక్క డబ్బ సుత ఇయ్యలె."

"ఏం చేస్కుంటడంట అన్ని డబ్బలు? నెత్తిన పెట్టుకుంటడా?" అంది వెనకావిడ.

"సేట్లకు నెత్తెక్కడిది? మొత్తం కడుపే!" అని ఇంకొకావిడ.

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ బిందె చేతిలో పట్టుకుని నిలబడి నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

పక్కనే వాళ్ళ ఇంటి గడపలో ఒక అమ్మాయి పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. తల్లి అటు చూసి గొంతు తగ్గించింది. "ఐతారం ఇరవై ఒకటో దినం. అత్తగారోళ్ళొస్తున్రు. మీ కాడ నీళ్ళ తక్లీఫ్, మా కాడ బోరున్నది, పిల్లని తీస్కపోతం అంటున్రు. మొదటి కాన్పు తమ్మీ. మూడు నెలలన్న నా బిడ్డ నా కాడ ఉండద్దా? బాలింతకు, పసిదానికి నీళ్ళు నేను చూస్కుంట అని మాటిచ్చిన. ఐతారం ఆళ్ళొచ్చి చూసేటాలకు ఇంట్ల నీళ్ళు కనవడాలె."

ఆ సేట్ నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. "పని తర్వాత చెప్త అక్కా" అని బయటపడ్డాను.

దారిలోనే నిర్ణయించుకున్నాను. కొత్త బకెట్లు కొనివ్వాలి. సిమెంటు పోసినవి ఎట్లాగూ తిరిగి రావు. అంత గట్టివి, మూతలున్నవి, సరిగ్గా పన్నెండు. శనివారం ట్యాంకర్ వచ్చేలోగా అందాలి. నా మనసు అప్పుడు నిజంగా మంచిగానే ఉంది. ఆ మంచి మనసుతోనే శుక్రవారం మా బజార్లోని ప్లాస్టిక్ దుకాణానికి పోయాను.

దుకాణదారు ధర చెప్పాడు. నేను నవ్వాను.

అలవాటు అంటే ఇదే. ఒకరికి చేసిన అన్యాయం సరిదిద్దుకోవడానికి పోయి కూడా ముందు నవ్వాను. "సేట్, మీరే గిట్ల చేస్తే బయట గిరాకీ ఏం చేయాలె?" అన్నాడాయన. మూతలకు వేరే ధర అన్నాడు. మూతలు లేని బకెట్లు ఎవడిక్కావాలి అని లేచి నడిచాను. వెనక నుంచి పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. నడిచిన రోజు వెనక్కి తిరిగితే మా నాన్న పరువు ఏం కావాలి?

శనివారం పొద్దున మళ్ళీ పోయాను. కొంచెం దిగాడు, మూతల దగ్గర మాత్రం బిగదీశాడు. నాకు తొందరుందని తెలిస్తే ఇంకా బిగుస్తాడని, తీరిగ్గా చాయ్ తాగుతూ కూర్చున్నాను. తొందర లేనట్టు నటించి నటించి నాకే తొందర లేకుండా పోయింది. సోమవారం పొద్దున్నే బోణీ వేళకు వస్తే ఏ దుకాణదారూ మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపడు, అప్పుడు మూతలు ఊరికే వస్తాయని నా లోపలి మనిషి ఒకడు చెప్తూనే ఉన్నాడు. ఐతారం? ఐతారం వాళ్ళొచ్చినంత మాత్రాన అదే రోజు తీసుకుపోతారా, మాట వరసకు అంటారు గాని, అని కూడా వాడే చెప్పాడు. వాళ్ళు అన్నది కూడా బేరమే అనుకున్నాను నేను. రెండోసారి లేచి నడిచాను.

ఆదివారం బజారు బంద్.

సోమవారం షట్టరు ఎత్తీ ఎత్తకముందే నిలబడ్డాను. ఆయన దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, నన్ను చూసి, "బోణీ నీతోటే ఉన్నదా సేట్ ఇయ్యాల" అని నిట్టూర్చాడు. నేనన్న ధరకే పన్నెండు బకెట్లు, మూతలతో సహా. ఆటోలో కూర్చున్నాక ఒళ్ళంతా గెలిచిన వేడి. దాచడమెందుకు, ఉంది.

బస్తీకి చేరేసరికి ట్యాంకర్ వచ్చి ఆగి ఉంది. ఆ రోజు మేస్త్రీ ఇంట్లోనే ఉన్నాడు. ఆటోలో బకెట్లు చూసి ఎదురొచ్చాడు.

"ఇవేంది సేట్?"

"మీకే. అప్పటి డబ్బలకు బదులు."

ఆయన భార్య వచ్చి నిలబడింది. నన్ను గుర్తుపట్టింది. మొగుడి నోట సేట్ అన్న మాట విని, నా మొహం, బకెట్లు, మళ్ళీ నా మొహం చూసింది. తిడుతుందని కాచుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"మొన్న బింద పట్టుకొని గంతసేపు నిలబడ్డవ్. చెప్పకపోతివి" అంది, అంతే.

"బిడ్డ ఏది?" అన్నాను. గడపలో ఎవరూ లేరు.

మేస్త్రీ చెప్పాడు. "నిన్న తీస్కపోయిన్రు సేట్. అల్లుని తల్లి ఒక్కొక్క గిన్నె మూత తీసి చూసింది. తప్పేముంది, పసిదానికి నీళ్ళు కావాలె గదా. మళ్ళ ఎప్పుడన్న తోలిస్తమన్నరు."

ఈలోగా లైను కదిలింది, ఎవరో కేక వేశారు. ఆమె రెండు బకెట్లు అందుకుని వరసలో పెట్టింది. మిగతా పది చూసి, "ఇవి సుత పెట్టు సేట్. ఊకె పోనిచ్చుడెందుకు? నువ్వు నిలబడు కాడ, మనిషి లేకుంటే పక్కకు జరుపుతరు" అంది. నిలబడ్డాను. ట్యాంకర్ పైపు నా దగ్గరికి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి నింపాను. మూడోదానికే ఆమె "మాకిద్దరికి గంత ఎందుకు" అని వెనకామెను పిలిచి రెండు బకెట్ల నీళ్ళు తీసుకుపొమ్మంది. వెనకామె, మొన్న సేట్లకు మొత్తం కడుపే అన్నావిడే, నా వైపు చూడకుండా నీళ్ళు తన బిందెల్లో గుమ్మరించుకుని ఖాళీ బకెట్లు తెచ్చి పెట్టింది.

నిండినవి రెండు నేనే ఇంట్లోకి మోశాను. లోపల గోడ వెంట ఇటుకలు పేర్చి, వాటి మీద బండలు పరిచి, పొడుగ్గా ఒక అరుగు కట్టి ఉంది. చెమ్మ తగలకుండా నేలకు జానెడు ఎత్తు. మా ఇంట్లో పని చేస్తున్నప్పుడే బకెట్టు అడుగు కొలుచుకుని వచ్చి కట్టినట్టుంది మేస్త్రీ. సున్నం కూడా వేశాడు. దాని మీద ఆ నెలంతా ఏమీ పెట్టలేదు. నేను మొదటి బకెట్టు దించాను. రెండోది దాని పక్కన పెట్టాను. ఇంకా పదింటికి చోటుంది.

ఆమె వచ్చి మూతలు నొక్కి చూసింది. బాగా బిగుసుకున్నాయి. దుకాణంలో అయితే ఆ మూతలు ఎట్లా ఊడగొట్టుకొచ్చానో పది మందికి చెప్పుకునేవాణ్ణి.

"మంచిగున్నయ్. మూతలతోటి ఎంతకిచ్చిండు?" అంది.

శుక్రవారం దుకాణదారు చెప్పిన మొదటి ధర చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆ సోమవారపు ధర నోటికి రాలేదు.

"అమ్మో, గంతనా?" అంది ఆమె, జాలిగా నా వైపు చూసి. "మోసపోయినవ్ సేట్. రెండు దినాలు ఆగితే తగ్గిస్తుండె."